సగం తుడిచిన మసి

ఎస్సై గారి బుల్లెట్‌ను షెడ్డు నీడలోకి తోసుకొచ్చి, పరశురాం దాని సైలెన్సర్‌ను వేలికొసతో తాకి చూశాడు. ఇంకా సెగ తగులుతోంది. కానిస్టేబుల్ అప్పుడే తెచ్చి స్టాండు వేసి పోయిన బండి అది. సైలెన్సర్ చివర తొడిగించిన స్టీలు గొట్టం కొత్తలో అద్దంలా మెరిసేదనీ, ఇప్పుడు పొయ్యిలో పెట్టి తీసినట్టు అయిందనీ, మొహం కనపడేలా చెయ్యమనీ ఎస్సై గారు చెప్పి పంపించారు.

"చల్లారనియ్యాలె. వేడి మీద ముట్టుకుంటే మరక పడతది, ఇగ పోదు," అన్నాడు పరశురాం.

"నాకు చెప్తున్నవా, బండికి చెప్తున్నవా?" అంది అమల. ఆమె పక్కనే కూర్చుని ఒక స్కూటర్ చక్రాలకు పట్టిన మట్టి కడుగుతోంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ షెడ్డులోనే పని. తార్నాక చౌరస్తా నుంచి లాలాగూడ వైపు దిగే సందులో, రేకుల కప్పు కింద, ఒక నీళ్ళ మోటారుతో నడుస్తున్న బళ్ళు కడిగే షెడ్డు. యజమాని సుందరరావుది తెనాలి. చర్చి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఆ సమయంలో ఆయన గల్లాపెట్టె ముందు పేపరు పరుచుకుని కూర్చున్నాడు. రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చి, రెండు వారాలు తిరక్కుండా వెనక్కి పోయిన చలికాలం అది. పేపరు నిండా యూనివర్సిటీ ఫొటోలే. ఆయన ఒక్కో పేజీ చూసి, మడతపెట్టి, మళ్ళీ విప్పుతున్నాడు.

గొట్టం చల్లారాక పరశురాం కిరోసిన్‌లో ముంచిన గుడ్డను దాని నోట్లో కుక్కాడు. లోపలి మసి కాస్త నానాక గుడ్డ తీసి పాత పళ్ళ బ్రష్షుతో గీకి, మళ్ళీ కుక్కాడు. నల్లటి బురద అతని మణికట్టు దాకా కారింది. తర్వాత సన్నటి ఇనుప పీచు తీసుకుని పైభాగం మీద నిలువుగా రుద్దడం మొదలుపెట్టాడు. గుండ్రంగా తిప్పితే గీతలు పడతాయి. అందుకే పొడుగునా లాగి, చెయ్యి పైకెత్తి, మళ్ళీ మొదటి నుంచి లాగుతున్నాడు. పైభాగం తేటపడి, రేకుల సందులోంచి పడుతున్న ఎండ అందులో మెరిసింది.

అప్పుడే చౌరస్తా వైపు నుంచి కేకలు వినిపించాయి. ఏదో పెద్దగా పేలిన చప్పుడైంది. కప్పుల మీదుగా నల్లటి పొగ లేచింది.

"బస్సు కాలవెట్టిన్రు," అని ఎవరో సందులో పరుగెత్తుతూ అన్నారు.

పరశురాం చేతిలో పీచు కింద పెట్టి లేచాడు.

"నువ్వు పోకు," అంది అమల.

"సందు మలుపు దాక పోయొస్త. పొగ ఇటు దిక్కే వస్తున్నది."

అతను మలుపు దాకే వెళ్ళాడు. అక్కడ అప్పటికే నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. పంక్చర్ షాపతను, ఇస్త్రీ చేసే లింగమ్మ, ఇంకెవరో దారిన పోయేవాళ్ళు. బయటి జిల్లాల నుంచి దింపిన బెటాలియన్ పోలీసులు చౌరస్తా నుంచి సందులోకి తిరిగి వాళ్ళను గోడకు నెట్టారు.

"చేతులు చూపించండి."

అందరూ చేతులు చాపారు. లింగమ్మ అరచేతులకు బొగ్గు అంటుకుని ఉంది. ఆడమనిషని వదిలేశారు. పంక్చర్ షాపతని చేతులకు రబ్బరు బంక. అతన్నీ వదిలేశారు. పరశురాం దగ్గర ఆగారు. ఒకడు అతని చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కిరోసిన్."

"సైలెన్సర్ తుడుస్తున్న సార్. గీడనే షెడ్డు. మసి దీంతోనే పోతది."

"పద, అదంతా అక్కడ చెప్పు."

అమల వచ్చేసరికి అతన్ని వ్యాను ఎక్కిస్తున్నారు. సుందరరావు ఆమె వెనకే ఆయాసపడుతూ వచ్చి, "అతను మా మనిషండీ. పొద్దుణ్ణించీ నా దగ్గరే ఉన్నాడండీ," అన్నాడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు. వ్యాను తలుపు పడింది. పరశురాం జాలీ వెనక నుంచి, "మోటరు నడుస్తున్నది, బందు చెయ్యి," అన్నాడు అమలతో.

*

యూనివర్సిటీ క్యాంపస్‌కు అవతలి వైపున్న ఠాణాకు ఆమె సాయంత్రం టిఫిన్ డబ్బాతో వెళ్ళింది. సుందరరావు ఎస్సైకి ఫోన్ చేస్తే, చూద్దాం అన్నాడట. ఆ ఒక్క మాటను ఆమె దారి పొడుగునా పట్టుకుని నడిచింది.

ఎస్సై చిన్న వయసువాడు. ఆమెను బెంచీ మీద కూర్చోమన్నాడు. అలాంటి చోట అంత మర్యాద ఆమె ఊహించలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

"చూడమ్మా, నీ భర్త మంచోడని నాకు తెలుసు. ఈ పని అతను చెయ్యలేదని కూడా తెలుసు."

"మరి ఇడిసిపెట్టున్రి సార్."

"నా ఒక్కడి చేతిలో లేదు. పైనుంచి ఒత్తిడి ఉంది. హాస్టల్లో గట్టయ్య అని ఒకడున్నాడు, పీహెచ్‌డీ చేస్తున్నాడు. గొడవలన్నిటికీ వాడే ముందుంటాడు. వాణ్ణి బస్సు దగ్గర చూశానని నీ భర్త సంతకం పెడితే చాలు. సాక్షి అవుతాడు, ముద్దాయి కాడు. ఇప్పుడే నీతో పంపిస్తా."

"ఆయన మీ బండే తుడుస్తుండె గద సార్. మీకు ఎరికే గద."

ఎస్సై తలుపు వైపు చూశాడు. "ఆ మాట ఇక్కడ అనకు," అన్నాడు మెల్లగా. "పోయి అతనికి నచ్చజెప్పు."

పరశురాం ఊచల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి వచ్చాడు కానీ ఊచలు పట్టుకోలేదు. చేతులు రెండూ పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు. అరచేతులు ఉబ్బి, మసి కింద చర్మం కందిపోయి ఉంది.

"సంతకం పెట్టు," అంది అమల. "గా పిలగాడు నీకేమైతడు?"

"ఏం గాడు. మొహం గూడ ఎరుక లేదు."

"మరింకేంది? ఇంట్ల పిల్ల నాయినేడని అడుగుతున్నది. రైల్వే ఆసుపత్రికి తోల్కపోయిన్రని చెప్పిన. ఎన్ని అబద్ధాలు చెప్పాలె నేను?"

"చూడలే గదనే."

"చూడకుంటే ఏంది? పెట్టు."

"చూసిన అంటే అక్కడితోని అయిపోతదా? కోర్టుల నిలబెడతరు. ఎట్లుండె, ఏ దిక్కు నుంచి వచ్చె, చేతుల ఏం పట్టుకునె అంటరు. అవన్ని నేను పుట్టించాలె. పుట్టించి పుట్టించి ఆ పిలగాణ్ణి జైల్లెయ్యాలె." అతను ఊచలకు దగ్గరగా జరిగాడు. "నన్ను చెయ్యని పనికి పట్టుకొచ్చిన్రని నువ్వు ఏడుస్తున్నవ్. వానికి గూడ అమ్మ ఉంటది."

"నీ మొండితనంతోని నువ్వుండు," అంది ఆమె. డబ్బా మూత తీసింది. అతని వేళ్ళు వంగవని చూసి, ఊచల సందులోంచి తనే అన్నం కలిపి పెట్టింది. కోపంతోనే కలిపింది, కోపంతోనే ముద్దలు పెట్టింది. అతను తిన్నాడు. చివరి ముద్ద పెట్టాక ఆమె డబ్బా కూడా కడక్కుండా వచ్చేసింది. ఎస్సై అడిగితే, "వినలే సార్," అని మాత్రం చెప్పింది.

*

మర్నాడు షెడ్డు తెరిచేసరికి కానిస్టేబుల్ వచ్చాడు. నిన్న బండి తెచ్చినవాడే.

"సారు బండి అయిందా? సాయంత్రం మంత్రి గారి బందోబస్తు ఉంది. బండి తళతళలాడాలంటున్నడు."

సుందరరావు లేచి నిలబడ్డాడు. "అతను లేడు కదండీ."

"ఆమెకొచ్చు కదా. ఆమెతో చేయించు." కానిస్టేబుల్ ఆ మాట చెడ్డగా ఏమీ అనలేదు. చాయ్ తాగి మళ్ళీ వస్తానని వెళ్ళాడు.

సుందరరావు అమల వైపు చూశాడు. "చేసెయ్యమ్మా. మనసులో పెట్టుకోకు. పని బాగుంటే ఎస్సై గారి మనసు మెత్తబడుతుందేమో."

అమల బండి వెనక కూర్చుంది. గొట్టం నోట్లో నిన్నటి గుడ్డ అలాగే ఉంది. పళ్ళ బ్రష్షు నేల మీద పడి ఉంది. పైభాగం అద్దంలా ఉంది, ఆమె నుదురూ కళ్ళూ అందులో సాగి కనపడుతున్నాయి. కింది సగం మసి. రెంటి మధ్యా, అతను పని ఆపి లేచిన చోట, గీత గీసినట్టు హద్దు. ఆమె ఇనుప పీచు చేతిలోకి తీసుకుంది. నిలువుగా ఒకసారి లాగబోయి ఆగింది.

ఆ పీచును కిరోసిన్ సీసా పక్కన పెట్టి లేచింది. గొట్టంలోంచి గుడ్డ పీకి గోడ మీద ఆరేసింది. బండి హ్యాండిల్ పట్టుకుని స్టాండు దింపడానికి ముందుకు గుంజింది. బండి కదల్లేదు. రెండోసారి ఒంటి బరువంతా వేసి గుంజితే దబ్బున దిగింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు సుందరరావు.

"ఠాణాకు తీస్కపోత."

"పూర్తి కాలేదుగా?"

"కాలే సార్. గట్లనే తీస్కపోత. ఆయన చేతుల మసి యాడిదో వాళ్ళకు చూపెడత."

సుందరరావుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. "అమలా, నా మాట విను. వాళ్ళతో మనం పెట్టుకోలేం. నీకు తెలియంది కాదు, నా పరిస్థితి మరీ కష్టం. యూనివర్సిటీ కుర్రాళ్ళకేమో నేను ఆంధ్రావాణ్ణి. పోలీసులకు కూడా కోపం తెప్పిస్తే ఇక నా వెనక నిలబడేవాడెవడు?"

"మిమ్ముల రమ్మంటలేను సార్."

"పోనీ స్టార్ట్ చేయించుకుని వెళ్ళు. పంక్చర్ షాపతనికి నడపడం వచ్చు."

"స్టార్ట్ చేస్తే కొత్త మసి పడతది. పైన తుడిచింది గూడ నల్లగైతది. తోసుకుంటనే పోవాలె."

ఆమె బండిని షెడ్డు గడప దాకా తోసింది. అక్కడ అది ఒక పక్కకు ఒరిగిపోతుంటే మోకాలు అడ్డం పెట్టి ఆపింది. వెనక షట్టరు దిగిన చప్పుడైంది. సుందరరావు తాళం వేసి, చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

"నీకు తిప్పడం రాదు, పడేస్తావు. హ్యాండిల్ నేను పట్టుకుంటాను. నువ్వు వెనకనుంచి తొయ్యి."

చౌరస్తాలో ముళ్ళ కంచెలు అడ్డం పెట్టి ఉన్నాయి. కాలిపోయిన బస్సు ఇంకా రోడ్డు పక్కనే ఉంది. వాళ్ళు యూనివర్సిటీ గేటులోంచి లోపలి రోడ్డు పట్టారు. కొద్ది దూరం వెళ్ళాక ఎత్తు వచ్చింది. సుందరరావు చెమటలు కక్కుతూ రెండుసార్లు ఆగాడు. హాస్టళ్ళ దగ్గర గుంపుగా కూర్చున్న విద్యార్థులు వాళ్ళను చూశారు. ఒకతను లేచి వచ్చాడు.

"ఏందక్కా, పెట్రోల్ అయిపోయిందా?"

"లేదు. ఠాణాకు తీస్కపోతున్నం. ఎస్సై బండి."

అతని మొహం మారిపోయింది. "పోలీసోని బండి తొయ్యడానికి నువ్వే దొరికినవా? నిన్న మా హాస్టల్ల జొచ్చి పోరగాండ్లను పండవెట్టి కొట్టిన్రు. ఆ చెట్టు కింద ఇడిసిపెట్టి పో."

అమల బండి ఆపి, గొట్టాన్ని చూపించి, జరిగింది చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు. వింటూ వింటూ మిగతావాళ్ళు కూడా దగ్గరికి వచ్చారు. అంతా విన్నాక మొదట మాట్లాడినతను సుందరరావు చేతుల్లోంచి హ్యాండిల్ తీసుకున్నాడు. ఇద్దరు వెనక చేరారు. బండి ఎత్తు మీద తేలిగ్గా సాగింది. వెనక ఇంకో పదిమంది నడిచారు. ఎవరో నినాదం అందుకోబోయారు.

"వద్దు," అంది అమల. "మీరు మలుపు కాడ ఆగిపోన్రి. మీరొస్తే లాఠీలు లేస్తయి. అప్పుడు బండి ఎవ్వడు చూడడు."

"నువ్వొక్కదానివే పోతవా?"

"సార్ ఉన్నడు."

వాళ్ళు మలుపు దగ్గర ఆగిపోయారు. ఆగిపోవడం వాళ్ళకు ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. కానీ ఆగారు.

*

ఠాణా ఆవరణ నిండా బందోబస్తుకు వెళ్ళబోయే పోలీసులే ఉన్నారు. మధ్యలో జీపు దగ్గర సీఐ నిలబడి ఎవరికి ఎక్కడ డ్యూటీయో చెబుతున్నాడు. అమలా సుందరరావూ బండిని తిన్నగా ఆవరణలోకి తోసుకొచ్చి, జీపుకు నాలుగడుగుల దూరంలో నిలిపారు. సుందరరావు స్టాండు వెయ్యడానికి చాలా కష్టపడ్డాడు. ఎవరూ సాయం రాలేదు.

ఎస్సై గబగబా వచ్చాడు. "ఇక్కడికెందుకు తెచ్చారు? పని కూడా పూర్తి కాలేదే?"

"ఎట్లయితది సార్? తుడిచేటాయన మీ లోపలున్నడు," అంది అమల.

సీఐ తల తిప్పాడు. "ఏంటిది?"

అమల మాట్లాడటం మొదలుపెట్టాక గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"మా ఆయన పేరు పరశురాం సార్. నిన్న చేతులకు మసి, కిరోసిన్ వాసన ఉన్నదని బస్సు కేసుల పట్టుకొచ్చిన్రు. ఆ మసి ఈ గొట్టంల మసి. సగం ఆయన చేతులకు వొయ్యింది, సగం గీడనే ఉన్నది. మీరే చూడున్రి."

సీఐ రెండడుగులు వేసి వంగాడు. తుడిచిన చోటా తుడవని చోటా చూశాడు. కింది భాగం మీద వేలితో రాసి, వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన చూశాడు.

"ఎవరి బండి?"

బండి తెచ్చిన కానిస్టేబుల్ బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అమల ఎస్సై మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నాదే సార్," అన్నాడు ఎస్సై, చాలాసేపటికి.

"నీకు ముందే తెలుసా?"

ఎస్సై బెల్టు సర్దుకున్నాడు.

సుందరరావు ముందుకు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "బస్సు తగలబడే వేళకు ఆ అబ్బాయి నా కళ్ళ ముందు కూర్చుని ఈ గొట్టమే రుద్దుతున్నాడండి. ఎక్కడ చెప్పమన్నా చెబుతాను. కోర్టులోనైనా సరేనండి."

"మీది ఏ ఊరు?"

"తెనాలండి."

సీఐ ఆయన వంక కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత జేబురుమాలుతో వేలు తుడుచుకుని, ఎస్సైని లోపలికి రమ్మన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. అమల బండి పక్కనే నేల మీద కూర్చుంది. లేచి అవతలికి పొమ్మని ఒక కానిస్టేబుల్ అన్నాడు. ఆమె లేవలేదు. సుందరరావు కూడా ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

ఎండ తల మీదికి వచ్చాక పరశురాంను బయటికి పంపారు. క్షమించమని ఎవరూ అనలేదు. పిలిస్తే రావాలని చెప్పారు. అతను గుమ్మం దగ్గర నిలబడి ఆవరణలో ఉన్న బండినీ, దాని పక్కన కూర్చున్న ఇద్దరినీ చూసి, ఏమైందో తెలియక అక్కడే ఆగిపోయాడు. అమల లేచి వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది.

గేటు దగ్గర ఎస్సై వాళ్ళకు అడ్డం వచ్చాడు. గొంతు తగ్గించి, "బండి తీసుకుపోయి పూర్తి చేసి పంపించండి," అన్నాడు.

"చేసిన సగానికి పైసలొద్దు సార్," అంది అమల. "మిగిలిన సగం మీరే తుడుసుకోన్రి."

*

పోలీసుల బళ్ళు షెడ్డుకు రావడం మానేశాయి. ఒక రోజు ఎవరో వచ్చి నీళ్ళ కనెక్షన్‌కు అనుమతి ఉందా అని అడిగి వెళ్ళారు. సుందరరావు ఆ రోజంతా పేపరు విప్పలేదు. అయినా మర్నాడు యథాప్రకారం వచ్చి షట్టరు ఎత్తాడు. పరశురాం చేతుల వాపు తగ్గింది కానీ పీచు పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. అతను చెబుతుంటే అమలే రుద్దుతోంది. చెప్పకపోయినా రుద్దుతుంది. కానీ అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె వింటూనే ఉంది.

ఒక మధ్యాహ్నం సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు నడుచుకుంటూ వచ్చాడు.

"అన్నా, నేను గట్టయ్యను."

పరశురాం అతని మొహంలోకి చూశాడు. ఆ మొహాన్ని చూడటం అదే మొదటిసారి.

"నా పేరు చెప్పమని కొట్టినా నువ్వు చెప్పలేదంట. క్యాంపస్ మొత్తం అదే మాట. రేపు ఆర్ట్స్ కాలేజీ కాడ సభ ఉన్నది. నిన్ను స్టేజి మీదికి పిలుద్దామనుకుంటున్నం. ఉద్యమం కోసం నువ్వు..."

"ఉద్యమం కోసం కాదు తమ్మీ," అన్నాడు పరశురాం. "నీ కోసం గూడ కాదు. నేను చూడలే, చెప్పలే. అంతే."

గట్టయ్య తల ఊపి, "అదే చెప్పన్నా. అంతే చెప్పు," అన్నాడు.

"నాకు మైకు ముందట గొంతు లేవది."

"నేనొస్త," అంది అమల, పీచు పక్కన పెట్టి. "గానీ మా సార్ గూడ వస్తడు. ఆ దినం బండి నాతోని తోసిండు. సీఐ ముందట సాక్ష్యం చెప్పిండు. ఆయనను గూడ స్టేజి మీద కూసోబెట్టాలె."

గట్టయ్య గల్లాపెట్టె వైపు చూశాడు. "సారుది..."

"తెనాలి."

"మావోళ్ళను ఒకసారి అడిగి చెప్త అక్కా. నాకైతే ఏం లేదు. సభల రకరకాలోళ్ళుంటరు."

"అడుగుడేంది? బండి తోసేటప్పుడు ఆయన ఎవర్నన్న అడిగి వచ్చిండా?"

"నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతావు?" అన్నాడు సుందరరావు. "నేను నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాణ్ణో తెలిసిపోతుంది. ఉన్న మర్యాద కాస్తా పోతుంది."

బయట రోడ్డు మీద ఏదో ఊరేగింపు డప్పులతో వెళ్ళిపోయింది. గట్టయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని సుందరరావు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, రేపు నేనే వచ్చి మిమ్ముల తోల్కపోత. నా పక్కనే కూసోన్రి."

"అక్కడ నేనేం మాట్లాడతాను బాబూ?"

జవాబు అమల చెప్పింది. "జరిగిందే చెప్పున్రి సార్. మీ యాసలనే చెప్పున్రి."